ఫంక్షన్లో బాబాయి అడిగే నాలుగు ప్రశ్నలు: ట్రాక్ స్ప్రింటర్ కెరీర్‌ను ఎలా చదవాలి?

ఉస్మానియా యూనివర్సిటీ వెలొడ్రోమ్‌లో (వాలు అంచులున్న సైకిల్ పందేల ట్రాక్) సాధన చేసే స్ప్రింటర్ కుర్రాడు ఏ పెళ్లికి వెళ్లినా, ఏ ఫంక్షన్‌కు వెళ్లినా నాలుగు ప్రశ్నలు తప్పవు. “రోజుకెన్ని కిలోమీటర్లు తొక్కుతవ్‌రా?” “టైమెంత కొడ్తున్నవ్?” “మెడల్ వచ్చిందా?” “నౌకరేమన్నా వస్తదా మరి?” అడిగేవాళ్లు ప్రేమతోనే అడుగుతారు. చిక్కంతా జవాబులోనే ఉంది. ఈ నాలుగింటిలో ఏ ఒక్కదానికీ ఒక్క ముక్కలో చెప్పలేం. చెప్పినా వినేవాళ్లు దాన్ని వేరే ఆటల కొలతతో కొలుస్తారు.

హైదరాబాద్‌లో సింధు గెలిచిందంటే ఏం గెలిచిందో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. షటిల్ మనం గల్లీలో ఆడిన ఆటే. 2002 జాతీయ క్రీడల కోసం కట్టిన వెలొడ్రోమ్ మాత్రం క్యాంపస్‌లోనే ఉన్నా, దాని మీద ఒక్క చుట్టయినా తొక్కి చూసినవాళ్లు ఊళ్లో ఎంతమంది? తొక్కి చూడని ఆటలో గెలుపు కంటికి ఆనదు. తక్కువ దూరం పూర్తి వేగంతో తొక్కే ఈ సైకిల్ స్ప్రింటర్లకు గుర్తింపు రాకపోవడానికి అసలు కారణం ఇదే. జనానికి సైకిలంటే చిన్నచూపు ఉండి కాదు.

మొదటి ప్రశ్న సంగతి త్వరగా తేల్చేద్దాం. స్ప్రింటర్ కిలోమీటర్లు లెక్కపెట్టడు. రెండు గంటల సాధనలో అసలైన పని రెండు మూడు నిమిషాలే. నిలబడిన చోటు నుంచి అర చుట్టు స్టార్ట్‌లు ఓ ఆరు, పూర్తి వేగంతో 100 మీటర్లు ఓ నాలుగు, ఒక్కోదాని మధ్య పది పదిహేను నిమిషాల విశ్రాంతి. మిగతా రోజుల్లో జిమ్‌లో బరువుతో స్క్వాట్లు. చూసేవాళ్లకు ఆ విశ్రాంతి బద్ధకంలా కనిపిస్తుంది. కండరంలో తక్షణ శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్ పది సెకన్లలోపే దాదాపు ఖాళీ అవుతుంది, తిరిగి నిండడానికి నిమిషాలు పడుతుంది. మూడు నిమిషాలకే మళ్లీ ఎక్కితే తర్వాతి పరుగు నీరసంగా సాగుతుంది, ఒళ్లు కూడా నీరసంగా తొక్కడమే నేర్చుకుంటుంది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పుతో 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ దమ్ము పెంచుకునేవాళ్లకు వరమే, కానీ స్ప్రింటర్ పని అక్కడ జరగదు.

టైమెంత?

ఈ ప్రశ్న దగ్గర కాస్త ఆగాలి. స్ప్రింట్‌లో అర్హత తేల్చేది ‘ఫ్లయింగ్ 200’. రైడర్ ఒంటరిగా ట్రాక్ మీదికొచ్చి, చుట్లు తిరుగుతూ వేగం అందుకుని, వాలు మీద పై అంచు దాకా ఎక్కి, అక్కడి నుంచి కిందికి దూకుతాడు. చివరి 200 మీటర్లకే గడియారం లెక్క. సరిగ్గా 10 సెకన్లంటే గంటకు 72 కిలోమీటర్ల వేగం. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో డచ్ రైడర్ హ్యారీ లావ్రేసెన్ 9.088 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టాడు. 2025 ఆగస్టులో బ్రిటన్ తరఫున మాథ్యూ రిచర్డ్‌సన్ తుర్కియేలోని కొన్యాలో 9 సెకన్ల గోడ బద్దలుకొట్టి 8.857 దాకా వెళ్లాడు. అది గంటకు 81 కిలోమీటర్ల పైమాట. ఇంజిన్ లేదు, బ్రేకులు లేవు, గేర్లు మార్చే సదుపాయమూ లేదు.

మరి 8.857 కొట్టినవాడు 9.088 కొట్టినవాడి కంటే అంతమేరకు గొప్పా? తొందరపడి అలా అనలేం. కొన్యా సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి సాంద్రత పదో వంతు దాకా తక్కువ. ఈ వేగంలో రైడర్ బలమంతా గాలిని చీల్చడానికే పోతుంది కాబట్టి ఆ తేడా నేరుగా గడియారంలో కనబడుతుంది. పైగా ఆ పరుగు రికార్డు కోసమే పెట్టుకున్నది, పారిస్‌ది ఒలింపిక్స్ స్ప్రింట్‌లోనే అర్హత రౌండులో వచ్చినది. అంతకుముందు ట్రినిడాడ్‌కు చెందిన నికోలస్ పాల్ 2019లో 9.100 కొట్టింది కూడా బొలీవియాలో 2,500 మీటర్ల ఎత్తున్న కోచబాంబాలోనే. రికార్డుల పట్టికలో ఊరి పేరు పక్కన ఎత్తు కూడా రాస్తే సగం వాదనలు అక్కడే ఆగిపోతాయి.

మన దగ్గర ఈ చిక్కు ఇంకో రకంగా ఉంటుంది. ఢిల్లీలో ఇందిరాగాంధీ స్టేడియం వెలొడ్రోమ్ 2010 కామన్వెల్త్ క్రీడలకు కట్టింది. పైకప్పు కింద 250 మీటర్ల చెక్క ట్రాక్. ఉస్మానియాది ఆరుబయట సిమెంటు ట్రాక్. వెనక నుంచి గాలి తోస్తే ఒక టైము, ఎదురుగాలి కొడితే ఇంకో టైము. ఉష్ణోగ్రత 20 నుంచి 35 డిగ్రీలకు పెరిగితే గాలి సాంద్రత దాదాపు 5 శాతం తగ్గుతుంది, అంటే చలికాలం పొద్దున కొట్టిన టైమునూ ఎండ ముదిరాక కొట్టిన టైమునూ పక్కపక్కన పెట్టి పోల్చలేం. సిమెంటు గరుకు టైరును పట్టి ఉంచుతుంది, చెక్క జారనిస్తుంది. ఇక్కడ 10.6 కొట్టే పిల్లవాడు ఢిల్లీలో ఎంత కొడతాడో అక్కడ తొక్కించి చూడాల్సిందే. కాగితం మీద లెక్కవేసి ‘పనికిరాడు’ అని తేల్చేయడం తరచూ జరిగే పొరపాటు.

ఇక ఆ పది సెకన్లలో ఏం తప్పొచ్చు? మొదటిది గీత. ట్రాక్ లోపలి అంచు నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో ఉండే నల్లగీత మీదే దూరం కొలుస్తారు. మలుపులో వాలు 42 నుంచి 45 డిగ్రీలు. వేగం ఒంటిని బయటికి లాగుతుంటే చేతులు బిగిసి, సైకిలు గీత వదిలి పైకి జరుగుతుంది. వాలు మీద అర మీటరు పైకి జరిగితే ఒక పూర్తి మలుపులో 1.1 మీటరు ఎక్కువ తొక్కినట్టు. 72 కిలోమీటర్ల వేగంలో అది 0.05 సెకను పైనే. ఒక స్థానానికీ తర్వాతి స్థానానికీ మధ్య ఒక్కోసారి అంత కూడా ఉండదు.

రెండోది దూకే చోటు. ముందే దూకితే చివరి 50 మీటర్లలో కాళ్లు రాయైపోతాయి. ఆలస్యమైతే 200 గీత దాటాక కూడా వేగం పెరుగుతూనే ఉంటుంది, అంటే ఆ వేగాన్ని గడియారం మొదలయ్యే ముందే అందుకోలేకపోయాడన్నమాట. కోచ్‌లు మొత్తం టైముకంటే 100 మీటర్ల ముక్కలు ముందు చూస్తారు. 5.0, 5.1 అయితే పరుగు బాగుంది. 4.9, 5.4 అయితే బలం ఉంది, కానీ దూకింది తప్పు చోట. రెండో కుర్రాడి మొత్తం 10.3. మొదటివాడికంటే వెనకే, అయినా వాణ్ణి వదులుకోకూడదు.

మూడోది గేరు. ముందు చైన్‌వీల్‌కు 50 పళ్లు, వెనక 15 ఉంటే పెడలు ఒక్కసారి తిరిగితే సైకిలు 7 మీటర్లు పోతుంది. 62, 14 పెడితే 9.3 మీటర్లు. గంటకు 72 కిలోమీటర్ల వేగంలో మొదటివాడు నిమిషానికి 171 సార్లు కాళ్లు తిప్పాలి, రెండోవాడికి 129 చాలు. కొన్నేళ్లుగా ప్రపంచమంతా పెద్ద గేరు వైపు మొగ్గింది. అది చూసి పదహారేళ్ల పిల్లవాడికి 60 పళ్ల చైన్‌వీల్ బిగించడం మంచిది కాదు. దాన్ని కదిలించే బలం తొడల్లో చేరకముందే బిగిస్తే నడుం దెబ్బతింటుంది. ఎదుటివాడు చిన్న గేరుతో ఒక్క ఉదుటున దూకితే వీడు వేగం అందుకునేలోపు పందెం అయిపోతుంది.

సైకిలు మీద కూడా ఒక చూపు వేద్దాం. ఫ్రీవీల్ ఉండదు, చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు తిరగాల్సిందే. అలవాటు లేనివాడు ఒక్క క్షణం కాళ్లాపితే సైకిలే వాణ్ణి ఎత్తి కుదేస్తుంది. చైను మరీ వదులైతే ఆ వేగంలో పళ్ల మీది నుంచి తప్పుతుంది, మరీ బిగువైతే ఒక చోట పట్టేస్తుంది. వెనక ఇరుసు నట్లు 15 మిల్లీమీటర్ల పానాతో గట్టిగా బిగించకపోతే స్టార్ట్ దగ్గర తొక్కే మొదటి తొక్కుకే చక్రం పక్కకు జరిగి టైరు ఫ్రేముకు రాసుకుంటుంది. ట్యూబులర్ టైరును రిమ్ముకు జిగురుతో అతికిస్తారు. జిగురు ఎండిపోయిందో లేదో పోటీ ముందు రోజే బొటనవేలితో టైరును పక్కకు నెట్టి చూడాలి. మలుపులో టైరు ఊడితే పడేది ఒక్కడే కాదు, వెనకవాళ్లంతా మీద పడతారు.

మెడల్ వచ్చిందా?

ఏ పోటీలో, ఏ వయసులో అన్నది ముందు తేలాలి. ఫ్లయింగ్ 200లో వచ్చిన టైమును బట్టి స్ప్రింట్‌లో జతలు కడతారు, వేగంగా కొట్టినవాడికి నెమ్మదిగా కొట్టినవాడు ఎదురు. ఆ తర్వాత టైముతో పనిలేదు, ముందు గీత దాటినవాడిదే గెలుపు. మొదటిసారి చూసేవాళ్లు ఇక్కడే విసుక్కుంటారు. మూడు చుట్ల పందెంలో మొదటి చుట్టున్నర ఇద్దరూ నడక వేగంతో పోతుంటారు, ఒకరు సైకిలును వాలు మీద నిలబెట్టేస్తారు. ఎందుకంటే ముందున్నవాడు గాలి మోస్తాడు, వెనకున్నవాడు వాడి నీడలో బలం దాచుకుంటాడు. ఎవరూ ముందుండాలనుకోరు. ఒకసారి దూకాక ముందువాడు నల్లగీతకూ ఎర్రగీతకూ మధ్య దారి పట్టాడంటే అక్కడే ఉండాలి, వెనకవాడు లోపలి నుంచి దూరకూడదు. రెండింటిలో ఏది తప్పినా గెలిచిన పందెం రిఫరీ చేతిలో పోతుంది.

కీరిన్ అనే పోటీ ఇంకో లోకం. 1948లో జపాన్‌లోని కొకురాలో పందెం కాసే ఆటగా మొదలైంది. ఒలింపిక్స్‌లోకి మగవాళ్లకు 2000లో, ఆడవాళ్లకు 2012లో వచ్చింది. ఆరేడుగురు ఒక మోటారు బండి వెనక బయల్దేరతారు, అది గంటకు 50 కిలోమీటర్ల దాకా వేగం పెంచి ఇంకా మూడు చుట్లుండగా తప్పుకుంటుంది. అది ట్రాక్ దిగేదాకా దాన్ని దాటకూడదు. మలేసియా రైడర్ అజీజుల్‌హస్నీ అవాంగ్ 2016 ఒలింపిక్స్‌లో కాంస్యం, టోక్యోలో రజతం గెలిచి, 2017లో ప్రపంచ చాంపియన్ కూడా అయినవాడు. పారిస్‌లో మొదటి రౌండులోనే బండిని ముందుగా దాటినందుకు అనర్హుడయ్యాడు. మూడేళ్ల సాధన ఒక్క పెడలు తొందరలో పోయింది.

టీమ్ స్ప్రింట్‌లో ముగ్గురు బయల్దేరి ఒక్కో చుట్టు తర్వాత ఒక్కొక్కరు తప్పుకుంటారు. మొదటివాడి పని సుమారు 17 సెకన్లు. పారిస్‌లో నెదర్లాండ్స్ 40.949 సెకన్లతో స్వర్ణం గెలిచినప్పుడు కెమెరాలన్నీ చివరి చుట్టు మీదే ఉన్నాయి. మొదటి చుట్టు తొక్కిన రాయ్ వాన్ డెన్ బెర్గ్ అప్పటికే పైకి జరిగిపోయాడు. ఆయన లేకుంటే ఆ టైము లేదు. 2012 లండన్‌లో ఆడవాళ్ల టీమ్ స్ప్రింట్‌లో బ్రిటన్ జట్టు, ఫైనల్లో చైనా జట్టు చోటు మార్చుకునే గీత దగ్గర నిబంధన తప్పి స్థానం పోగొట్టుకున్నాయి. స్వర్ణం జర్మనీకి వెళ్లింది.

ఇప్పుడు మనవాళ్ల విషయానికి వద్దాం. 2018లో స్విట్జర్లాండ్‌లోని ఐగల్‌లో జరిగిన జూనియర్ ప్రపంచ పోటీల్లో అండమాన్ నికోబార్‌కు చెందిన ఈసో ఆల్బెన్ కీరిన్‌లో రజతం గెలిచాడు. ప్రపంచ స్థాయిలో భారత సైక్లింగ్‌కు అది మొదటి పతకం. మరుసటి ఏడాది జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆన్ ది ఓడర్‌లో ఈసో, మణిపూర్ కుర్రాళ్లు రొనాల్డో సింగ్, రోజిత్ సింగ్ కలిసి జూనియర్ టీమ్ స్ప్రింట్‌లో ప్రపంచ చాంపియన్లయ్యారు. 2022 జూన్‌లో ఢిల్లీలో జరిగిన ఆసియా చాంపియన్‌షిప్ స్ప్రింట్ ఫైనల్లో రొనాల్డో జపాన్ రైడర్ కెంటో యమసాకి చేతిలో ఓడి రజతం తెచ్చాడు. సీనియర్లలో ఆ పోటీల్లో మనకు అదే మొదటి రజతం.

ఆ రజతాన్ని ‘ఆసియాదే కదా’ అని తీసిపారేయడం తప్పు. స్ప్రింట్‌లో ఆసియా బలహీన ఖండం కాదు. జపాన్ నుంచి కోయిచి నకానో 1977 నుంచి 1986 దాకా వరుసగా పదిసార్లు ప్రపంచ ప్రొఫెషనల్ స్ప్రింట్ టైటిల్ గెలిచాడు. మలేసియాకు అవాంగ్ ఉన్నాడు. హాంకాంగ్‌కు లీ వై సీ రెండు ఒలింపిక్ కాంస్యాలు తెచ్చింది. ఆసియా ఫైనల్ ఆడటమంటే ప్రపంచ వరుసలో నిలబడినవాళ్లతో తలపడటమే.

మరి జూనియర్ ప్రపంచ చాంపియన్లు ఒలింపిక్స్‌లో ఎందుకు కనబడలేదు? ఇంట్లోవాళ్లకు ముందే చెప్పాల్సింది ఇది. జూనియర్ అంటే 17, 18 ఏళ్లు. పందొమ్మిదో ఏట నేరుగా సీనియర్లలోకి దిగాలి. అక్కడ ఎదురయ్యేవాళ్లు 27, 30 ఏళ్ల మనుషులు, తొడల్లో పదేళ్ల స్క్వాట్లున్నవాళ్లు. బ్రిటన్ రైడర్ క్రిస్ హోయ్ తన చివరి రెండు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచింది 36వ ఏట. జూనియర్ పతకం వచ్చాక మొదటి మూడు నాలుగేళ్లు ఫలితాలు పడిపోయినట్టే కనిపిస్తాయి. నిజానికి పడిపోయింది రైడర్ కాదు, ఎదుటివాళ్ల వయసు మారింది. మన దగ్గర సాయం ఆగిపోయేదీ, ఉద్యోగం చూసుకొమ్మని ఇంట్లో ఒత్తిడి మొదలయ్యేదీ సరిగ్గా అప్పుడే.

ఒలింపిక్ అర్హత కూడా ఒక్క పోటీతో తేలదు. రెండేళ్ల పాటు ఆసియా చాంపియన్‌షిప్, ప్రపంచ కప్ (2025 దాకా దీని పేరు నేషన్స్ కప్), ప్రపంచ చాంపియన్‌షిప్ తిరిగి పాయింట్లు కూడబెట్టాలి. టీమ్ స్ప్రింట్‌లో చోటు దొరికేది ఎనిమిది దేశాలకే, ఆ దేశాల రైడర్లకే స్ప్రింట్, కీరిన్ తలుపులు తేలిగ్గా తెరుచుకుంటాయి. మిగతావాళ్లు కొద్దిపాటి వ్యక్తిగత చోట్ల కోసం కొట్టుకోవాలి. ఒక ప్రపంచ కప్‌కు వీసా ఆలస్యమైనా, పెట్టెలో సైకిలు విరిగి చేరినా ఆ పాయింట్లు మళ్లీ రావు. భారత సైక్లిస్టులు చివరిసారి ఒలింపిక్స్‌లో కనిపించింది 1964 టోక్యోలో.

అన్నీ సరిగ్గా చేసినా ఆట నియమాలే కాళ్ల కింది నేల లాగేయొచ్చు. హోయ్ కథే చూడండి. 2000లో టీమ్ స్ప్రింట్ రజతం, 2004లో కిలోమీటరు టైమ్ ట్రయల్ స్వర్ణం. తర్వాత ఆ కిలోమీటరు పోటీనే ఒలింపిక్స్ నుంచి తీసేశారు. 28 ఏళ్లు దాటాక స్ప్రింట్, కీరిన్ ఎత్తులు నేర్చుకుని 2008 బీజింగ్‌లో మూడు స్వర్ణాలు గెలిచాడు. ఆ ఏడాది బీబీసీ ఉత్తమ క్రీడాకారుడి పురస్కారం, 2009లో ‘సర్’ బిరుదు వచ్చాయి. గ్లాస్గో వెలొడ్రోమ్‌కు ఆయన పేరే పెట్టారు. మొదటి ఒలింపిక్ పతకానికీ ఆ బిరుదుకూ మధ్య తొమ్మిదేళ్లు.

నౌకరి?

గుర్తింపు అనే మాటకు మన దగ్గర చేతికందే రూపాలు కొన్నే. ఖేలో ఇండియాకు ఎంపికైన పిల్లలకు నెలకు 10,000 రూపాయల చేతి ఖర్చు వస్తుంది. కేంద్రం నడిపే ఒలింపిక్ పోడియం పథకం ప్రధాన జాబితాలో ఉంటే నెలకు 50,000, డెవలప్‌మెంట్ జాబితాలో 25,000. అర్జున పురస్కారం మొత్తాన్ని 2020లో 15 లక్షలకు, ఖేల్‌రత్నను 25 లక్షలకు పెంచారు. అర్జునకు నాలుగేళ్ల ఆటతీరు చూస్తారు, బరువంతా ఒలింపిక్స్, ప్రపంచ పోటీలు, ఆసియా క్రీడలు, కామన్వెల్త్ మీదే. జూనియర్ బంగారం అక్కడ పెద్దగా తూగదు. 2024లో నిఖత్ జరీన్, సిరాజ్ తెలంగాణలో డీఎస్పీలయ్యారు. ఆ స్థాయి గుర్తింపు సైకిలు మీద రావాలంటే సీనియర్ పతకమే కావాలి.

కానీ చాలామంది రైడర్ల బతుకు తేలేది అవార్డుల దగ్గర కాదు, క్రీడా కోటా దరఖాస్తు దగ్గర. రైల్వేలు, సర్వీసెస్, పోలీసు, కేంద్ర శాఖలు ఎప్పటి నుంచో ఆటగాళ్లను తీసుకుంటున్నాయి. కేంద్ర ఉద్యోగాలకు సర్టిఫికెట్ ఇంత స్పష్టంగా ఉండాలి: దేశం తరఫున ఆడినదానికి ఫారం 1, జాతీయ ఫెడరేషన్ కార్యదర్శి సంతకంతో. రాష్ట్రం తరఫున జాతీయ పోటీలకు ఫారం 2, రాష్ట్ర సంఘం నుంచి. అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు ఫారం 3, స్కూల్ జాతీయ క్రీడలకు ఫారం 4. పతకంతో పాటు పోటీ నుంచి తెచ్చుకున్న మెరిసే ప్రశంసాపత్రం ఈ ఫారానికి బదులు చెల్లదు. నోటిఫికేషన్ వచ్చాక సంతకాల కోసం తిరిగితే గడువు దాటిపోతుంది. పోటీ ముగిసిన నెలలోపే ఫారం నింపించి, పోటీ పేరు, తేదీ, ఊరు, వచ్చిన స్థానం, వయసు విభాగం ఫలితాల పత్రంతో సరిపోయాయో లేదో చూసుకోవాలి. ఒకచోట ‘స్ప్రింట్’ అనీ మరోచోట ‘టీమ్ స్ప్రింట్’ అనీ ఉంటే పరిశీలనలో ఆగిపోతుంది. ఫలితాల పత్రం పీడీఎఫ్ ఆ రోజే దించుకుని దాచుకోవాలి, పోటీల వెబ్‌సైట్లు కొన్నాళ్లకు మాయమైపోతుంటాయి.

ఇంకో దారి ఇదే నగరం నుంచి తెరుచుకుంది. హైదరాబాద్‌లోని ఆదిత్య మెహతా ఫౌండేషన్ దివ్యాంగులకు సైక్లింగ్ నేర్పుతుంది. ఆదిత్య మెహతా స్వయంగా 2013లో ఆసియా పారా సైక్లింగ్‌లో రెండు రజతాలు గెలిచిన రైడర్. నంద్యాల కుర్రాడు షేక్ అర్షద్ అక్కడ తయారై 2024 పారిస్ పారాలింపిక్స్‌కు వెళ్లాడు. జ్యోతి గడేరియాతో కలిసి పారాలింపిక్స్‌లో భారత సైక్లింగ్ పేరు నమోదు చేసిన మొదటి ఇద్దరిలో అతనొకడు. ఒలింపిక్ ట్రాక్ మీద అరవై ఏళ్లుగా కనబడని మన జెర్సీ పారాలింపిక్ ట్రాక్ మీద కనబడింది. దానికి ఊళ్లో దక్కాల్సినంత సందడి దక్కలేదు.

కాబట్టి ఈసారి ఫంక్షన్లో ఆ కుర్రాడు ఎదురైతే ప్రశ్నలు కొంచెం మార్చి అడగొచ్చు. ఫ్లయింగ్ 200లో చివరి 100 ఎంత? అది సిమెంటు మీదా, చెక్క మీదా? గేరు ఎంత పెట్టావు? సీనియర్లలోకి వచ్చి ఎన్నేళ్లయింది? ఫారం 2 తీసుకున్నావా? ఈ అయిదింటికీ అతని దగ్గర తడుముకోకుండా జవాబులుంటాయి.